విప్పిన హార్డ్ డిస్క్‌కు లెక్క ఉండాలి

భిలాయి సెక్టర్ 6లో మా తమ్ముడి క్వార్టర్‌కు నేను వెళ్లేసరికి ముందుగదిలో నేల మీద పాత పేపరు పరిచి ఉంది. దాని మీద కంప్యూటర్ డబ్బా పక్కకు పడుకోబెట్టి ఉంది. అందరం సీపీయూ అని పిలిచే డబ్బా అదే. ఇంజినీరింగ్ చదువుతున్న తమ్ముడి కూతురు స్క్రూడ్రైవర్ పట్టుకుని దాని ముందు కూర్చుంది.

"పెదనాన్నా, ఇది ఆన్ అయ్యేలోపు టీ పెట్టుకుని తాగి కూడా రావచ్చు. హార్డ్ డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ పెట్టేస్తాను" అంది.

మంచి ఆలోచనే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగించింది. అప్పటి నుంచి దేశమంతా ఇళ్లలో, ఆఫీసుల్లో కొత్త కంప్యూటర్ కొనడమో, ఉన్నదాన్ని బాగుచేసుకోవడమో జరుగుతోంది. తమ్ముడి కంప్యూటర్ 2019లో కొన్నది. విండోస్ 11కు సరిపోతుంది. కాకపోతే లోపల తిరిగే పాత తరహా హార్డ్ డిస్క్ వల్ల నత్తనడక నడుస్తోంది. అది మారిస్తే ఇంకో నాలుగేళ్లు ఢోకా లేదు.

తమ్ముడు పక్క నుంచి అందుకున్నాడు. "సుపేలా బజారులో అడిగాను అన్నయ్యా. పాత డిస్క్ అక్కడే వదిలేస్తే కొత్తదాని మీద మూడు వందలు తగ్గిస్తానన్నాడు. బిగించడం కూడా ఉచితమేనట."

నేను అక్కడే ఆగిపోయాను. ఆ డిస్క్‌లో ఏముందో తమ్ముడికి గుర్తు లేదు. నాకు గుర్తుంది. వాళ్లింటికి వచ్చినప్పుడల్లా నా పెన్షన్ ఉత్తర్వులు, సర్వీసు కాగితాలు స్కాన్ చేసింది ఆ కంప్యూటర్‌లోనే. మా రెజిమెంట్ పాత మిత్రుల కలయిక కోసం తయారుచేసిన జాబితా కూడా అందులోనే ఉంది. పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, పిల్లల్లో ఎవరు సైన్యంలో ఉన్నారు, ఎక్కడ పనిచేస్తున్నారు అన్నీ రాసి ఉన్నాయి. మూడు వందల తగ్గింపుకు మా వాడు ఆ జాబితాను బజారులో పెట్టబోయాడు. అందులో అతని తప్పేమీ లేదు. డిస్క్ అంటే పాడైపోయిన సామాను అని మనందరి లెక్క.

ఫైరింగ్ రేంజ్‌లో కాల్చిన తర్వాత జవాన్లు నేల మీద వంగి ఖాళీ తూటా గొట్టాలు ఏరడం మీరు సినిమాల్లో చూసి ఉండరు. నిజమైన సైన్యంలో అది రోజూ జరిగే పని. ఎన్ని తూటాలు తీసుకున్నామో, ఎన్ని ఖాళీ గొట్టాలు అప్పగించామో లెక్క తేలేదాకా ఎవరూ రేంజ్ వదిలి కదలరు. పేలిపోయిన గొట్టానికే అంత లెక్క ఉంటే, కంప్యూటర్ నుంచి తీసిన డిస్క్‌కు ఎంత ఉండాలి? తూటా బయటకు పోయాక మిగిలేది గొట్టం. డిస్క్ విషయంలో తూటా ఇంకా లోపలే ఉంటుంది.

ఉక్కు ఇక్కడిది, డ్రైవులు అక్కడ పోయాయి

ఈ మాట భిలాయిలో కూర్చుని చెప్పడానికి కారణం ఉంది. మా నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడి రైలు పట్టాల మిల్లులో పనిచేశారు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించిన తొలి రోజుల ముచ్చట్లు మాకు భోజనాల దగ్గర చెప్పేవారు. తమ్ముడు ప్లేట్ మిల్లులో రిటైరయ్యాడు. అతనికి జీవితంలో ఒకే ఒక గొప్ప. విమానవాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్‌లో తమ మిల్లు పలకలు ఉన్నాయని.

అది ఉత్త గొప్ప కాదు. నౌకకు కావలసిన ప్రత్యేక ఉక్కును మొదట రష్యా నుంచి తెప్పించుకోవాలనుకున్నారు. అది అందలేదు. అప్పుడు హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధన సంస్థ డీఎంఆర్ఎల్ ఆ ఉక్కును రూపొందించింది. డీఎంఆర్-249 అనే పేరులోనే ఆ సంస్థ ఉంది. సెయిల్ తన భిలాయి, బొకారో, రూర్కెలా కర్మాగారాల నుంచి దాదాపు 30,000 టన్నులు సరఫరా చేసింది. 262 మీటర్ల ఆ నౌక 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో నౌకాదళంలో చేరింది.

దానికి మూడేళ్ల ముందు, 2019 సెప్టెంబరులో, కొచ్చిన్ షిప్‌యార్డ్‌లో నిర్మాణంలో ఉన్న అదే నౌకలో దొంగతనం జరిగింది. పోయింది ఇంజిను భాగం కాదు, ఆయుధం కాదు. నౌకలోని కన్సోళ్లలో బిగించిన కంప్యూటర్ల నుంచి ప్రాసెసర్లు, ర్యామ్‌లు, ఎస్ఎస్‌డీలు విప్పుకుపోయారు. జాతీయ దర్యాప్తు సంస్థ రంగంలోకి దిగింది. నౌకలో పనిచేసిన వేల మంది వేలిముద్రలు, అరచేతి ముద్రలు సేకరించి పోల్చింది. 2020 జూన్‌లో ఇద్దరిని అరెస్టు చేసింది. ఇద్దరూ కాంట్రాక్టు మీద రంగులు వేయడానికి వచ్చినవాళ్లు. డబ్బు కోసమే చేశారని దర్యాప్తు సంస్థ చెప్పింది.

ఆ వార్త చదివిన రోజు నా మనసులో మెదిలింది ఒకటే. వాళ్లు గూఢచారులు కాదు కాబట్టి మనం ఊపిరి పీల్చుకున్నాం. కానీ రంగు డబ్బా పట్టుకున్న మనిషి చేయగలిగిన పని గూఢచారి చేయలేడా? అంగుళాల మందం ఉక్కు పలక గుండా ఎవరూ లోపలికి రాలేదు. లోపల పని ఉన్న మనిషి స్క్రూలు విప్పి డ్రైవు జేబులో వేసుకున్నాడు. తొమ్మిది నెలలు దేశం దాని కోసం వెతికింది.

సంతకం నాది

పరాయివాళ్ల కథ చెప్పి నా కథ దాచుకోవడం మర్యాద కాదు. 1984లో దెహ్రాదూన్ మిలిటరీ అకాడమీ నుంచి బయటికి వచ్చినప్పుడు మాకు కంప్యూటర్ అంటే ఏమిటో తెలియదు. 2001లో మేజర్‌గా ఓ బ్రిగేడ్ కార్యాలయంలో ఉండగా నా గదిలో ఒకటి ఉండేది. ఒకరోజు అది తెరుచుకోలేదు. సరఫరాదారు మనిషి వచ్చాడు, హార్డ్ డిస్క్ పోయిందన్నాడు, వారంటీ కింద కొత్తది బిగించాడు, పాతది సంచిలో వేసుకుని వెళ్లాడు. గేటు పాసు మీద సంతకం నాది. "పాడైన పరికరం ఒకటి" అని రాశాను.

మూడు వారాల తర్వాత తనిఖీకి వచ్చిన అధికారి అడిగిన మొదటి ప్రశ్న, "పాత డిస్క్ ఎక్కడ?" అందులో రహస్య పత్రాలు లేవు సార్ అన్నాను. సెలవుల పట్టిక, వాహనాల రాకపోకలు, రేషన్ లెక్కలు, అంతేనన్నాను. ఆయన ఒక మాట అన్నారు. ఎంతమంది సెలవులో ఉన్నారో, ఎన్ని వాహనాలు ఏ రోజు ఎటు వెళ్లాయో, ఎంతమందికి రేషన్ దిగిందో మూడూ పక్కపక్కన పెట్టి చూడు, ఆ బ్రిగేడ్ ఏం చేయబోతోందో శత్రువుకు నువ్వే చెప్పినట్టు. ఒక్కో కాగితం రహస్యం కాదు. కలిపితే రహస్యం.

పదకొండు రోజులు వెతికాం. చివరికి సరఫరాదారు గోదాములో అట్టపెట్టె దొరికింది. అందులో ఒకే కంపెనీ డిస్కులు ఏడు. మాది ఏది? సీరియల్ నంబరు నేను రాసుకోలేదు. ఏడింటినీ సీలు వేసి తీసుకొచ్చాం. అందులో మాది ఉందని ఈ రోజుకీ రుజువు చేయలేను. విచారణలో నాకు మందలింపు దక్కింది. రిజిస్టరు చూసే హవల్దారు క్లర్కు ప్రమోషన్ మాత్రం ఏడాది వెనక్కి పోయింది. అతను నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

డిలీట్ చేస్తే పోతుందా?

"అన్నీ డిలీట్ చేసేసి ఇచ్చేద్దాం" అన్నాడు తమ్ముడు. చాలామంది అనుకునేదీ ఇదే. ఒకప్పుడు రైలు బోగీకి అంటించే రిజర్వేషన్ చార్టు చించేస్తే లోపలి ప్రయాణికులు దిగిపోయేవారా? డిలీట్ చేసినప్పుడు కంప్యూటర్ చేసేది చార్టులో పేరు కొట్టేయడమే. హార్డ్ డిస్క్‌లో ఆ స్థలంలో వేరే సమాచారం వచ్చి కూర్చునేదాకా పాతది అక్కడే ఉంటుంది. క్విక్ ఫార్మాట్ అంటే కొత్త ఖాళీ చార్టు అంటించడం. ఉచితంగా దొరికే రికవరీ సాఫ్ట్‌వేర్లు నేరుగా బోగీ ఎక్కి ఒక్కో సీటూ చూస్తాయి.

అమెరికాలోని ఎంఐటీకి చెందిన ఇద్దరు పరిశోధకులు 2003లో ప్రచురించిన అధ్యయనం కోసం వాడేసిన హార్డ్ డిస్కులు 158 కొని పరీక్షించారు. పనిచేసినవి 129. వాటిలో సరిగ్గా శుభ్రం చేసినవి 12 మాత్రమే. మిగతావాటిలో ఉత్తరాలు, వైద్య సమాచారం, వేల క్రెడిట్ కార్డు నంబర్లు బయటపడ్డాయి. 2006లో అఫ్గానిస్థాన్‌లోని బగ్రాం అమెరికా స్థావరం గేటు బయట బజారులో, స్థావరం నుంచి దొంగిలించిన పెన్‌డ్రైవులు అమ్ముతుంటే పత్రికా విలేకరులు కొన్నారు. సైనిక సమాచారం అందులో ఉంది. కంచె వేసి, కాపలా పెట్టి, తనిఖీలు చేసే చోటే అలా జరిగింది.

రిటైరైన సైనికుడి ఇంటి కంప్యూటర్‌లో అంత పెద్ద రహస్యాలు ఉండవు, నిజమే. కానీ మోసగాడికి పెద్ద రహస్యం అక్కరలేదు. మీ పెన్షన్ ఉత్తర్వు నంబరు, ఖాతా వివరాలు తెలిసినవాడు ఫోన్ చేస్తే మీరు నమ్ముతారు. మీ అబ్బాయి ఏ యూనిట్‌లో ఉన్నాడో, అతని కమాండర్ పేరేమిటో చెబుతూ ఒకడు మాట్లాడితే అతనూ నమ్ముతాడు. సమాచారం లాగే పని అక్కడే మొదలవుతుంది.

విప్పే పద్ధతి

డ్రైవు మార్చడం ఇంట్లో చేసుకోదగ్గ పనే. ఆ సాయంత్రం మేం చేసిన వరుస ఇది.

మొదట సమాచారం కాపీ. బయటి డ్రైవులోకి ముఖ్యమైన ఫైళ్లన్నీ ఎక్కించి, నాలుగైదు తెరిచి చూశాం. కాపీ అయిందని స్క్రీన్ చెప్పడం వేరు, ఫైలు తెరుచుకోవడం వేరు. కంప్యూటర్‌లో బిట్‌లాకర్ ఉంటే దాని 48 అంకెల రికవరీ కీ ముందే కాగితం మీద రాసుకోవాలి. కొత్త అమరికలో అది అడిగితే, కీ లేనివాళ్లకు ఎవరూ సాయం చేయలేరు.

తర్వాత షట్‌డౌన్ చేసి, ప్లగ్ పీకి, పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకున్నాం. లోపల మిగిలిన కరెంటు పోవడానికి. వెనకవైపు రెండు స్క్రూలు తీసి పక్క మూత జరిపాం. చలికాలం ఉన్ని స్వెట్టర్ వేసుకుని ఈ పని చేయకూడదు. ఒంట్లోని స్టాటిక్ కరెంటు చిప్‌లను కాల్చేస్తుంది. ముందు డబ్బా లోపలి లోహాన్ని చేత్తో ముట్టుకోవాలి. పవర్ సప్లై పెట్టెను మాత్రం ఎప్పుడూ విప్పకూడదు. ప్లగ్ పీకినా అందులో ప్రాణాలు తీసేంత కరెంటు నిలిచి ఉండొచ్చు.

హార్డ్ డిస్క్‌కు రెండు సాటా కేబుళ్లు ఉంటాయి. సన్నది సమాచారానిది, వెడల్పుది కరెంటుది. రెండింటి కనెక్టర్లూ ఎల్ ఆకారంలో ఉంటాయి కాబట్టి తిరగేసి పెట్టలేరు. బలవంతం చేస్తే మాత్రం ప్లాస్టిక్ విరుగుతుంది. లాగేటప్పుడు వైరు పట్టుకుని కాదు, కనెక్టర్ పట్టుకుని లాగాలి. పీకే ముందు సెల్‌ఫోన్‌తో ఒక ఫొటో తీసుకుంటే తర్వాత తడబాటు ఉండదు. డిస్క్‌ను బిగించిన స్క్రూలు ఒక గిన్నెలో వేయాలి. డెస్క్‌టాప్ హార్డ్ డిస్క్‌ది మూడున్నర అంగుళాలని పిలిచే సైజు, సాటా ఎస్ఎస్‌డీది రెండున్నర. పాత గూట్లో కొత్తది కూర్చోవాలంటే చిన్న ఫ్రేమ్ కావాలి. స్క్రూలు కూడా వేరు. హార్డ్ డిస్క్ స్క్రూలను ఎస్ఎస్‌డీలో బిగిస్తే మరలు చెడిపోతాయి.

మదర్‌బోర్డు మీద ఎం.2 గాడి ఉంటే కేబుళ్ల పని లేదు. చూయింగ్ గమ్ బిళ్లలాంటి ఎస్ఎస్‌డీని ఏటవాలుగా గాడిలో పెట్టి, కిందికి వంచి ఒక్క స్క్రూ బిగిస్తే చాలు. కానీ కొనే ముందు ఆ గాడి సాటాదా, ఎన్‌వీఎంఈదా అని మాన్యువల్‌లో చూసుకోవాలి. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి.

పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి దించే క్లోనింగ్ కూడా చేసుకోవచ్చు. అలా చేస్తే మొదటిసారి ఆన్ చేసేటప్పుడు పాత డిస్క్ తీసేసి ఉంచాలి. రెండూ ఉంటే కంప్యూటర్ ఏది లేపాలో తికమకపడుతుంది. మేం విండోస్ కొత్తగానే ఎక్కించాం. మొదటి గంటలోనే ఎన్‌క్రిప్షన్ ఆన్ చేయించాను. రేపు ఈ డ్రైవు ఎవరి చేతిలో పడ్డా తాళం లేకుండా చదవలేరు.

తీసినదాన్ని ఏం చేయాలి?

విప్పగానే నేను చేయించిన పని ఒకటుంది. డిస్క్ మీద లేబుల్‌లో ఉన్న సీరియల్ నంబరును నోటుపుస్తకంలో రాయించాను. తేదీ, ఎందుకు తీశాం, ఎక్కడ పెట్టాం. ఇద్దరి సంతకాలు. "ఇంట్లో కూడానా పెదనాన్నా!" అని నవ్వింది. నేను నవ్వలేదు. ఏడు డిస్కుల అట్టపెట్టె ఆమె చూడలేదు.

కొత్తది రెండు వారాలు సరిగా పనిచేశాకే పాతదాని సంగతి చూడాలి. పనిచేసే స్థితిలో ఉన్న హార్డ్ డిస్క్‌నైతే మొత్తం మీద కొత్త సమాచారం రాసే సాఫ్ట్‌వేర్‌తో తుడిచేయాలి. గంటలు పడుతుంది. పట్టనివ్వండి. ఎస్ఎస్‌డీకి ఈ పద్ధతి పూర్తిగా చాలదు. అరుగుదల సమంగా ఉండాలని అది సమాచారాన్ని తనలో తానే చోట్లు మారుస్తుంది. మనకు కనిపించని అదనపు స్థలం కూడా దానిలో ఉంటుంది. అందుకు తయారీదారు ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ ఆదేశమే వాడాలి. పాడైపోయి, తెరుచుకోని డ్రైవు అన్నిటికన్నా ప్రమాదం. మనకు తెరుచుకోలేదంటే ఎవరికీ తెరుచుకోదని కాదు. దానిని తుడవలేం కాబట్టి విరగ్గొట్టడమే దారి. అయస్కాంతంతో చెరిపే యంత్రాలు హార్డ్ డిస్కులకు పనిచేస్తాయి. ఎస్ఎస్‌డీలో అయస్కాంతం లేదు, దాని చిప్‌లనే పగలగొట్టాలి. మిగిలిన ముక్కలు చెత్తబుట్టలోకి కాకుండా, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదైన రీసైక్లర్‌కు చేరాలి.

ఆఫీసులకు ఒక మాట

ఇల్లు ఒక డిస్క్ సంగతి. రక్షణ రంగానికి సామాన్లు చేసే చిన్న పరిశ్రమలు హైదరాబాద్, విశాఖ చుట్టూ ఎన్నో ఉన్నాయి. డ్రాయింగులు, కొలతలు, సరఫరా తేదీలు వాళ్ల మామూలు డెస్క్‌టాప్‌లలోనే ఉంటాయి. ఇప్పుడు వాళ్లంతా కంప్యూటర్లు మారుస్తున్నారు.

పెద్దవాళ్లే ఇక్కడ బోల్తాపడ్డారు. అమెరికా ఆర్థిక సంస్థ మోర్గాన్ స్టాన్లీ పాత డ్రైవులను వదిలించుకునే పనిని, ఆ పని తెలియని సామాన్లు తరలించే కంపెనీకి అప్పగించింది. కొన్ని డ్రైవులు ఖాతాదారుల వివరాలతో సహా ఇంటర్నెట్ వేలంలో తేలాయి. 2022 సెప్టెంబరులో 3.5 కోట్ల డాలర్ల జరిమానాకు ఆ సంస్థ ఒప్పుకోవాల్సి వచ్చింది. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోనూ తగిన భద్రత పాటించని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది.

చేయాల్సింది పెద్ద ఖర్చు కాదు. కొనేటప్పుడే ప్రతి డ్రైవు సీరియల్ నంబరు రిజిస్టరులో ఎక్కాలి, కంప్యూటర్ నంబరు ఒక్కటే చాలదు. బయటి మెకానిక్ డబ్బా విప్పితే పక్కన మన మనిషి ఉండాలి. మరమ్మతుకు పంపాల్సి వస్తే డ్రైవు తీసి ఉంచుకుని డబ్బా మాత్రమే పంపాలి. వారంటీ ఒప్పందంలో పాడైన డ్రైవు మన దగ్గరే ఉండేలా షరతు రాయించాలి. కొద్ది అదనపు రుసుముతో కొన్ని కంపెనీలు దీనికి ఒప్పుకుంటాయి. నాశనం చేసేటప్పుడు ఇద్దరు సాక్షులు, ఒక ధ్రువపత్రం ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, తప్పు జరిగితే రిజిస్టరు రాసే చిన్న ఉద్యోగి కాదు, గేటు పాసు మీద సంతకం పెట్టిన పెద్ద అధికారి జవాబు చెప్పాలి.

రెండు వారాల తర్వాత మా వాళ్లు ఫోన్ చేశారు. తమ్ముడు పాత డిస్క్‌ను విప్పి, లోపలి పళ్లేన్ని వైస్‌లో బిగించి వంచాడట. ముప్పై ఏళ్లకు పైగా ఉక్కు పలకలతో గడిపిన మనిషి. "ఇంత పల్చని అల్యూమినియం రేకు మీదేనా అన్నయ్యా మన బతుకంతా రాసి ఉండేది?" అన్నాడు. నోటుపుస్తకంలో ఆ సీరియల్ నంబరు ఎదురుగా "నాశనం చేయబడింది" అని రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టిన పేజీ ఫొటో వెంటనే వచ్చింది.

2001లో నా దగ్గర లేనిది ఆ పేజీ ఒక్కటే.

(వ్యాసకర్త విశ్రాంత సైనికాధికారి)